అడ్డం పెట్టిన రెండు కార్లు

ఫిబ్రవరి 9

ఒరేయ్ చిన్నోడా,

మీ అక్క దీవెనలు. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని అనుకోకు. నువ్వు పనిచేసే ఇసుక తవ్వే ఓడ ఒడ్డుకు వచ్చేది వారానికోసారి. వచ్చిన రోజు ఫోన్ చేస్తావు, ఏదో ఒకటి అంటావు, నాకు కోపం వస్తుంది, పెట్టేస్తాను. కాగితమైతే మధ్యలో పెట్టేయడానికి ఉండదు. అక్షరాలు వంకరగా ఉంటే కలం మంచిది కాదని అర్థం చేసుకో.

విషయం ఏమిటంటే, నీ స్థలంలోకి ఎవరో దిగారు.

నీ ఇల్లు కూలాక మట్టీ రాళ్లూ ఎత్తుకుపోయారే గానీ, ఆ తర్వాత ఆ జాగాను పట్టించుకున్న నాథుడు లేడు. మనిషి ఎత్తు ముళ్లకంప. అందులో చిరిగిన పరుపులు, పగిలిన బేసిన్లు, తలుపు ఊడిన ఫ్రిజ్, సందు చివర గ్యారేజీ ఆయన వదిలేసిన కార్ల డొక్కులు. వీధిలో ఏ ఇంట్లో ఏది పనికిరాకపోయినా నీ జాగాలోకి చేరింది. ఇన్నేళ్లూ ఒక్కరూ అడుగు పెట్టలేదు. మొన్న పొద్దున నేను కిటికీ దగ్గర మిషన్ మీద కాలరు కుడుతుంటే ఒక చిన్న లారీ ఆగింది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఒకావిడ దిగి, వెనకే నలుగురు దిగి, టేపు పట్టుకుని జాగా కొలవడం మొదలుపెట్టారు. చెత్త ఎత్తేవాళ్లకి కొలతలెందుకురా?

నేను గుమ్మంలోకి వెళ్లి అడిగాను. "ఎవరమ్మా మీరు?"

"స్థలం శుభ్రం చేయడానికొచ్చామండీ."

"ఎవరు రమ్మన్నారు?"

"అనుమతి ఉందండీ" అని నవ్వింది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. నవ్వేవాళ్లను నేను నమ్మను. నడుం కొలత తగ్గించి చెప్పేవాళ్లే నా దగ్గర ఎక్కువ నవ్వుతారు.

గ్యారేజీ ఆయన్ను అడిగితే, "ఇంకా అర్థం కాలేదా అక్కగారూ, ముందు చెత్త తీస్తారు, తర్వాత కంచె వేస్తారు, ఆ తర్వాత మీ కిటికీకి ఎదురుగా ఐదంతస్తులు లేపుతారు. మీ తమ్ముడే అమ్మేసుంటాడు" అన్నాడు. మా తమ్ముడు అలాంటివాడు కాదని గట్టిగానే చెప్పాను. చెప్పాక ఇంట్లోకొచ్చి కూర్చుంటే మనసు అటూ ఇటూ అయింది.

అమ్మావా? అవునో కాదో ఒక్క ముక్క రాయి.

మీ బావ బాగానే ఉన్నారు. చెవులు ఇంకా కాస్త మందగించాయి. బస్సు నడిపినన్నాళ్లూ ఇంజను చప్పుడు విన్నారు కదా, ఇప్పుడు నా మాట ఒక్కటే వినపడదు.

నీ అక్క

---

ఫిబ్రవరి 21

అక్కా,

నీ ఉత్తరం అందింది. నేను స్థలం అమ్మలేదు. ఆ జాగాను కొనేదెవరు?

చెత్త తీస్తామంటే తీసుకోనీ. మనకేం పోయింది? నువ్వు వాళ్లతో గొడవ పెట్టుకోకు. పని చేసేవాళ్లను చేయనిస్తే వాళ్లే పోతారు.

ఇక్కడ రేవులో గాలి ఎక్కువగా ఉంది. మా ఓడ అడుగు నుంచి బురద, ఇసుక లాగి అవతల పోస్తుంది. మర్నాటికి సముద్రం మళ్లీ తెచ్చి ఇక్కడే పోస్తుంది. ఇంజను గదిలో నా పని అదే శబ్దం వింటూ కూర్చోవడం. ఇంకో రెండేళ్లకు నేనూ బావా ఒకేలా మాట్లాడుకుంటాం.

బరువులు ఎత్తకు. చేతులు జాగ్రత్త.

తమ్ముడు

---

మార్చి 3

చిన్నోడా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ స్థలంలోకి ఎవరో వస్తే వాళ్లెవరని నువ్వు అడగలేదు. ఎందుకొచ్చారని అడగలేదు. చిన్నప్పుడు నీ పెన్సిల్ ఎవరైనా ముట్టుకుంటే వీధంతా వినపడేలా ఏడ్చేవాడివి. ఇప్పుడు జాగా ముట్టుకుంటే "పోనీ" అంటున్నావు. పైగా "చేతులు జాగ్రత్త" అని రాశావు. ఎన్నడూ లేనిది నా చేతుల మీద నీకంత శ్రద్ధ ఎక్కడి నుంచి వచ్చింది? నువ్వేదో దాస్తున్నావు.

ఇంట్లో ఇంకొకరు కూడా దాస్తున్నారు. మీ బావ రోజూ భోజనం కాగానే "అలా తిరిగొస్తా" అని వెళ్లి పొద్దు వాలాక వస్తున్నారు. వచ్చేసరికి చొక్కా నిండా గడ్డిపరకలు. ఎక్కడికెళ్లారంటే వినపడనట్టు తల ఊపుతారు. టీ తాగుతారా అంటే మాత్రం మొదటిసారే వినపడుతుంది. నిన్న వెనకే వెళ్లాను. నీ స్థలంలో, ఆ బూట్లావిడ పక్కన, ఈయన కూడా ఎవరివో బూట్లు వేసుకుని కంప లాగుతున్నారు. నన్ను చూసి, పట్టుబడిన పిల్లాడిలా కొడవలి వెనక్కి పెట్టుకున్నారు. నేను ఏమీ అనకుండా ఇంటికొచ్చేశాను. ఏమీ అనలేదని ఆయనకు ఎక్కువ భయం వేసింది.

వాళ్ల పని కూడా నాకు తేడాగా ఉంది. నేల చదును చేసి గడ్డి విత్తనాలు చల్లారు. రెండు మొక్కలు నాటారు. ఇప్పుడు చుట్టూ మోకాలి ఎత్తు చెక్క కంచె వేస్తారట. "దొంగ దాటలేని కంచె వేస్తారు గానీ, పసిపిల్ల దాటే కంచె ఎందుకమ్మా?" అన్నాను. "మనుషులు దాటొచ్చండీ. లారీ లోపలికొచ్చి చెత్త పోయకుండా ఉంటే చాలు. మధ్యలో దారి వదిలాం" అంది. ఎవరైనా రావచ్చనే కంచె నేను ఎక్కడా చూడలేదు. గ్యారేజీ ఆయన మాటే నిజమనిపించింది. "అక్కగారూ, దారి మూసేస్తే పని ఆగుతుంది. మీరు ఊ అంటే నా కార్లు రెండు అడ్డం పెడతా" అన్నాడు. ఊ అన్నాను. వాళ్ల లారీ లోపలికి వెళ్లలేక తిరిగి వెళ్లిపోయింది.

నీ ఆస్తి నువ్వు కాపాడుకోకపోయినా నేను కాపాడాను. అమ్మి ఉంటే ఇప్పుడైనా చెప్పు.

అక్క

---

మార్చి 15

అక్కా,

ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను. రేపటికి తగ్గుతుందేమోనని ఆగలేదు, తగ్గితే రాయలేను.

నిన్న ఒడ్డుకు రాగానే గ్యారేజీ ఆయన ఫోన్ చేశాడు. నా నంబరు నువ్వే ఇచ్చావట. "మీ అక్కగారు స్థలం నాకు అప్పజెప్పారు, చాలా థాంక్స్. రేకుల షెడ్డు వేసుకుంటున్నా. ఎలాగూ పదేళ్ల నుంచి నా బళ్లు అక్కడే ఉన్నాయి కదా, అది నాదే అన్నట్టు" అన్నాడు.

నువ్వు ఎవరి స్థలం ఎవరికి అప్పజెప్పావు? నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా? నేను అమ్మానేమోనని నెల రోజులుగా నన్ను నిలదీస్తున్నావు. ఇక్కడ చూస్తే ఊరికే ఇచ్చేసింది నువ్వు. ఇల్లు కట్టడం చేతకానివాడికి స్థలం మాత్రం ఎందుకనుకున్నావేమో. వీధిలో అందరూ అన్న మాటే అది. నువ్వు అనవనుకున్నాను.

తమ్ముడు

---

ఏప్రిల్ 2

తమ్ముడికి,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. నేను అననిదాన్ని అన్నానని రాశావు. నీ ఇల్లు కూలిన రోజు నవ్వినవాళ్లతో నేను ఎన్నాళ్లు మాట్లాడలేదో మీ బావనడుగు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ వేరే వీధి టైలరు దగ్గరికే వెళ్తారు.

నేను కార్లు అడ్డం పెట్టమన్నాను. స్థలం ఇవ్వలేదు. కానీ నువ్వు రాసింది నిజమే. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఇటుకల బండి వచ్చింది. గడ్డి మొలిచిన చోట గోతులు తీసి ఇనప స్తంభాలు పాతారు. మొక్కల్లో ఒకటి చక్రం కింద పడింది. ఇదేమిటని అడిగితే గ్యారేజీ ఆయన, "మీరే కదా అక్కగారూ పెట్టమన్నారు" అని, ఎప్పుడూ నవ్వే నవ్వే నవ్వాడు. బూట్లావిడ నవ్వుని అనుమానించినదాన్ని, ఎదురుగా ఇన్నేళ్లు నవ్వినవాడిని అనుమానించలేదు.

ఆ సాయంత్రం బూట్లావిడ మా గుమ్మంలోకి వచ్చింది. బూట్లు బయట విప్పి, తడి మేజోళ్లతో నిలబడింది. "అమ్మా, మీకు ఇష్టం లేకపోతే మేం రాం. కానీ ఒక్క మాట. మీ తమ్ముడుగారు ఒప్పుకున్నాకే వచ్చాం. ఆయన పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పలేదు" అంది.

నీ స్థలానికి నీ చేత్తో అనుమతి ఇచ్చి, ఎవరు వచ్చారో తెలియనట్టు నాకు ఉత్తరం రాశావు. మీ బావకి తెలుసు. వీధిలోకి వచ్చిన పరాయి మనిషికి తెలుసు. కిటికీలోంచి రోజంతా ఆ జాగానే చూస్తూ కుట్టుకునే నాకు మాత్రం తెలియకూడదు. నా నుంచి దాచాల్సినంత ఏముందిరా అందులో? ఆవిడకీ నీకూ మధ్య ఇంకేం ఒప్పందాలున్నాయి?

నిజం రాస్తే చదువుతాను. లేకపోతే రాయకు.

అక్క

---

ఏప్రిల్ 10

అక్కా,

నిజమే రాస్తున్నాను. ఒప్పందాలు ఏవీ లేవు.

నీ చెయ్యి సంగతి నాకు తెలుసు.

కిందటి వానాకాలంలో, కుట్టిన బట్టలు ఇచ్చి పొద్దుపోయాక వస్తుంటే, నా స్థలంలో కంప చాటున దాక్కున్నవాడెవడో నిన్ను తోసి సంచి లాక్కుపోయాడని తెలుసు. మణికట్టు విరిగిందని తెలుసు. నువ్వు నాకు ఫోన్‌లో మిషన్ రిపేరుకిచ్చానని, అందుకే పని లేదని చెప్పావు. నమ్మాను. ఆ తర్వాత రెండు నెలలకు ఒకరోజు బావ ఫోన్ తీశారు. "అక్కేం చేస్తోంది?" అన్నాను. ఆయనకి "అక్క చెయ్యెలా ఉంది?" అని వినపడింది. "కట్టు విప్పారు గానీ వేళ్లు ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదు" అన్నారు. నేను అదిరిపోయి అరిచి అడిగితే అంతా చెప్పారు. చెప్పాక, నీకు తెలియనివ్వొద్దని ఒట్టు వేయించుకున్నారు. నాకు తెలిస్తే నా స్థలం వల్లే ఇలా అయిందని కుమిలిపోతానని నువ్వు ఆయన చేత ముందే ఒట్టు వేయించుకున్నావట.

కుమిలిపోయాను. ఆ ఇల్లు నేను మేస్త్రీ మాట వినకుండా కట్టాను. అడుగున పూడ్చిన గుంట ఉంది, పునాది లోతుగా వెయ్యమన్నాడు. నాకు తెలుసులే అన్నాను. వానకి కూలింది. లోపల ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం. వీధి మొహం చూడలేక ఇక్కడికి వచ్చేశాను. నేను వదిలేసి వచ్చిన జాగాలో ముళ్లు మొలిచి, దొంగ దాక్కుని, నీ కుట్టే చెయ్యి విరిచాడు.

బూట్లావిడ ఇలాంటి జాగాలే బాగుచేస్తుందట. నా నంబరు పట్టుకుని అడిగింది. వెంటనే సరేనన్నాను. నా పేరు చెప్తే నువ్వు "వీడికి ఇప్పుడెందుకు గుర్తొచ్చింది" అని ఆరా తీస్తావు, అంతా బయటికొస్తుంది, బావ మీద పడతావు. అందుకే చెప్పొద్దన్నాను. నీకు తెలియకుండా నీ కిటికీ ముందు చెత్త పోతే చాలనుకున్నాను. నీ సంగతి తెలిసి కూడా నీకు తెలియకుండా పని జరుగుతుందనుకోవడం నా తప్పే.

ఇల్లు కట్టడం గురించి నేను రాసిన మాట తీసేసి చదువుకో.

తమ్ముడు

---

ఏప్రిల్ 25

చిన్నోడా,

మీ బావతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకు ఆ తేడా తెలిసిందో లేదో చెప్పలేను. మూడో రోజు నేనే టీ ఇచ్చి, "ఒట్టు వేసినవాళ్లు ఫోన్ ఎందుకు తీశారు?" అని అరిచాను. "మోగుతోంది కదా" అన్నారు.

నీ ఉత్తరం గురించి ఎక్కువ రాయను. రాస్తే ఈ కాగితం పనికిరాకుండా పోతుంది. చెయ్యి ఇప్పుడు నయమే. కత్తెర పట్టుకోగలను, బొత్తాం కాజాలు కాస్త ఆలస్యంగా వస్తున్నాయి, అంతే. అది విరగ్గొట్టింది నువ్వు కాదు. దొంగ.

ఇప్పుడు జరిగింది విను. సోమవారం పొద్దున పనివాళ్లు షెడ్డు గోడ లేపడానికి వచ్చేసరికి, నేను చేతికుట్టు సామానంతా తీసుకెళ్లి ఇటుకల గుట్ట మీద కూర్చున్నాను. గ్యారేజీ ఆయన వచ్చాడు.

"అక్కగారూ, లేవండి. పనివాళ్లు వచ్చారు."

"చేసుకోనీ. నేనేం చేశాను?"

"మీరు ఇటుకల మీద కూర్చున్నారు."

"పెట్టమన్నది నేనే కదా, కాసేపు కూర్చోకూడదా?"

ఆయన వెళ్లి మీ బావతో మొర పెట్టుకున్నాడు. ఈయన అంతా విని, "అవును, ఎండ ఎక్కువగానే ఉంది" అని, గొడుగు తెచ్చి నాకిచ్చి వెళ్లారు. ఆ రోజు ఆయనకు నిజంగా వినపడలేదో, వినపడే అలా అన్నారో ఇప్పటికీ నా అనుమానం తీరలేదు.

ఇది స్కూలు యూనిఫాంల కాలం. మా ఇంటికొచ్చిన తల్లులంతా ఎదురుగా నన్ను చూసి అక్కడికే వచ్చారు. అక్కడే కొలతలు తీశాను. పిల్లల్ని వరసగా ఆ ఇనప స్తంభాలకు ఆనించి నిలబెట్టాను. కొలతయిన పిల్లలు గడ్డిలో పరిగెత్తారు. మర్నాడు ఇంకా ఎక్కువ మంది వచ్చారు. ఒకావిడ ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుంది, ఇంకొకావిడ ఫ్లాస్కులో టీ తెచ్చింది. ఇంతమంది ఆడవాళ్ల మధ్య తాపీ పట్టుకోవడానికి పనివాళ్లకి మొహమాటం వేసింది. వారం తిరగకుండా వాళ్లు రావడం మానేశారు.

బూట్లావిడ మూడో రోజు వచ్చింది. నా పక్కన ఇటుకల మీద కూర్చుని, తన కోటు జేబు చిరిగింది, కుడతారా అంది. కుట్టాను. కుడుతూ అడిగాను. "శుభ్రం చేస్తే స్థలం రేటు పెరుగుతుంది. అప్పుడు కొనడానికి ఎవడో వస్తాడు. అది మీకు తెలీదా?"

"తెలుసమ్మా. మేం బాగుచేసినవాటిలో కొన్ని అమ్ముడైపోయాయి కూడా."

"మరెందుకు చేయడం?"

"అమ్మేదాకా అయినా ఆ వీధిలో ఆడవాళ్లు పొద్దుపోయాక నడుస్తారు కదండీ" అంది.

నవ్వకుండా చెప్పింది. అందుకని కొంచెం నమ్మాను. మిగతాది చూసి చెప్తాను.

కానీ ఇటుకలు ఇంకా ఉన్నాయి, కార్లు కూడా ఉన్నాయి. నేను ఎన్నాళ్లు కూర్చున్నా వాడిని కాపలా కాసినట్టే గానీ పంపించినట్టు కాదు. ఇది నీ స్థలం. నువ్వు వచ్చి నిలబడి ఇది నాదని చెప్పాలి. వీధికి మొహం చూపించలేనని రాశావు. ఇక్కడ నీ మొహం గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదురా. వచ్చెయ్.

అక్క

---

జూన్ 8

అక్కా,

క్షేమంగా చేరాను. ఇంజను అదే చప్పుడు చేస్తోంది, బురద అక్కడే ఉంది.

సర్వేయర్ని వెంటబెట్టుకుని మన సందు మలుపు తిరిగినప్పుడు తల దించుకుని నడిచాను. అందరూ కూలిన ఇంటి గురించే మాట్లాడతారనుకున్నాను. మొదట ఎదురైనాయన నన్ను ఎగాదిగా చూసి, "మీరేనా ఆ జాగా ఓనరు? కంచె వేశాక రంగు వేయిస్తారా, అలాగే ఉంచుతారా?" అన్నాడు. ఇన్నేళ్లు ఎవరి నవ్వు తప్పించుకుని తిరిగానో వాళ్లలో సగం మంది ఇళ్లు మారిపోయారట.

సర్వేయరు కొలిచి జాగా నాదేనని చెప్తే గ్యారేజీ ఆయన కాసేపు గట్టిగానే అరిచాడు. ఇన్నేళ్లు వాడుకున్నాను, దయ లేదా అన్నాడు. నువ్వు గుమ్మంలోంచి, "దయ ఉండబట్టే ఇన్నేళ్లు వాడుకున్నావు" అన్నావు. ఆ తర్వాత స్తంభాలూ ఇటుకలూ ఎత్తించుకుని, కార్లు లాక్కుపోతుంటే పిల్లలు వెనకాల తోశారు. ఆయనకి అదే ఎక్కువ అవమానమైందనుకుంటాను.

ఉన్నన్నాళ్లూ నీ చెయ్యి చూపించమంటే చూపించలేదు. అన్నం పెట్టేటప్పుడు చూశాను. గిన్నె ఎడం చేత్తో ఎత్తుతున్నావు. నయమైందని రాసింది పూర్తి నిజం కాదు. నేనూ అడగలేదు, నువ్వూ చెప్పలేదు. ఈసారి డాక్టరుకి చూపించి, ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి. బావని అడిగి సరిచూసుకుంటాను.

ఇంకొకటుంది. మన మధ్య ఇక దాపరికం వద్దని రాస్తున్నాను. నన్ను బస్సెక్కించడానికి బూట్లావిడ వచ్చింది కదా. బస్సు కోసం నిలబడ్డప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. ఫ్లాట్లు కట్టే కంపెనీ మనిషినన్నాడు. ఇప్పుడు స్థలం ముచ్చటగా ఉంది, అమ్ముతారా అన్నాడు. నువ్వు మొదటి ఉత్తరంలో రాసింది ఇదే. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంది, అయినా ఒప్పుకుంటున్నాను.

నేను ఆయనకి ఒకటే చెప్పాను. "మా అక్కనడగండి. ఆవిడ ఏం చెప్తే అదే." నీ మీద బరువు తోసేయడానికి కాదు. ఆ జాగా ముందు రోజూ కూర్చునేది నువ్వు. వేరేవాళ్ల నోట వినేలోపు నా నోటనే వినాలని రాస్తున్నాను.

తమ్ముడు

---

జూన్ 19

చిన్నోడా,

నీ ఉత్తరం కంటే ఆ నల్ల కళ్లద్దాలాయనే ముందొచ్చాడు. టపా వాళ్లకంటే ఫ్లాట్ల వాళ్లకే తొందర ఎక్కువ.

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. "మీ తమ్ముడుగారు మిమ్మల్ని అడగమన్నారు" అన్నాడు. వినగానే నాకు పాత జబ్బు తిరగబెట్టింది. వీడు అప్పుడే ఒప్పేసుకుని, పైకి మర్యాదకి నా దగ్గరికి పంపాడేమో అనుకున్నాను. ఆయనతో అవునని గానీ కాదని గానీ అనకుండా, రేపు రమ్మన్నాను.

ఆయన వెళ్లాక ఎదురుగా వెళ్లాను. బూట్లావిడ విరిగిన మొక్క చోట కొత్తది పెడుతోంది, మీ బావ నీళ్లు పోస్తున్నారు. ఆవిణ్ణి పక్కకి పిలిచి, "బస్సు దగ్గర మావాడు అసలేమన్నాడు? ఉన్న మాట చెప్పు" అన్నాను. ఆవిడ చెప్పింది. ఇంకోసారి అడిగాను. మళ్లీ అదే చెప్పింది, ఒక్క అక్షరం తేడా లేకుండా. మీ బావనీ అడిగాను, ఈయన అక్కడ లేరని తెలిసి కూడా.

మర్నాడు కళ్లద్దాలాయన వచ్చాడు. "అమ్మడం లేదండీ" అన్నాను. "ఎందుకో తెలుసుకోవచ్చా?" అన్నాడు. "మీ ఐదంతస్తులు లేస్తే నాకు వెలుతురుండదు. సూదిలో దారం ఎక్కదు" అన్నాను. ఆయన రాసుకున్నాడు. అదొక్కటే కారణమనుకున్నాడు కాబోలు, మూడంతస్తులే కడతామన్నాడు. వద్దన్నాను. మళ్లీ వస్తాడు. వచ్చినప్పుడల్లా వద్దంటాను. నువ్వు ఎప్పుడైనా అక్కడ గది కట్టుకుంటానంటే మాత్రం వద్దనను, కానీ ఈసారి మేస్త్రీని నేను మాట్లాడతాను, పునాది తవ్వేటప్పుడు గోతి పక్కనే కూర్చుంటాను.

ఈ పొద్దునే డాక్టరుకి చూపించాను. ఉంగరం వేలు పూర్తిగా ముడుచుకోదట, అది అంతేనట. మిగతా వేళ్లు వ్యాయామం చేస్తే బాగవుతాయట. ఉన్నదున్నట్టు రాశాను. మీ బావనడిగి సరిచూసుకో. కానీ గట్టిగా అడుగు.

ఇక నీ ఉత్తరం. నిన్న మధ్యాహ్నం అందింది. బూట్లావిడ చెప్పిన మాటే అందులోనూ ఉంది. ఆయనతో ఏమన్నావో అదే నాకు రాశావు. నిన్ను నమ్మానురా. అడిగాకే నమ్మాననుకో, కానీ నమ్మాను.

నీ అక్క